ఎంగిలి తీపి

ఆ నెలల డైరీలు తిరగేస్తే కాగితాలకు ఇంకా ఉప్పుగాలి వాసన ఉన్నట్టే అనిపిస్తుంది. రోజూ తేదీ కింద ఒకటే సంగతి: "నాయన, పగలు నాలుగు ముద్దలు." మరునాడు మూడు.

అరవైల మొదట్లో తోటపల్లి గూడూరు దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టరుగా ఉండేవాణ్ణి. నాయనకు విషజ్వరం తగ్గి నెల దాటినా లేచి నాలుగడుగులు వేయలేకపోయారు. తిన్నది ఒంటికి పట్టడం లేదని అమ్మ దిగులు. బాగా నమిలి తినమని డాక్టరు చెప్పాడు. పొలం పని తొందరలో ముద్ద మింగి లేచిన మనిషికి నమలడం ఎప్పుడూ అలవాటు లేదు.

ఒక ఆదివారం రెండు గాజు గొట్టాల్లో పలచటి గంజి పోసి ఆయన ముందు పెట్టాను.

"ఒకదాంట్లో ఉమ్మి వెయ్యి నాయనా."

"ఏందిరా అబ్బయా, ఎంగిలి చెయ్యమంటావా?"

"నీ ఎంగిలితోనే పని."

గొణుక్కుంటూనే వేశారు. పంచలో కూర్చుని ఎదురుచూశాం. సరుగుడు తోపులోంచి హోరు వస్తోంది. అది చెట్లదో సముద్రానిదో తెలియదు. కాసేపటికి, గంజి ఉంటే నీలం తిరుగుతుందని చెప్పి రెండింటిలో టింక్చరు అయొడిన్ చుక్క వేశాను. ఉత్త గంజి ముదురు నీలమైంది. ఎంగిలి గంజి నీలం కాలేదు.

"దీంట్లో గంజి ఏమైపోయిందిరా?"

"చక్కెరగా మారింది. నీ ఉమ్మిలో ఎంజైము ఉంది, అది మార్చింది. కడుపులో, పేగులో ఇంకా ఉన్నాయి అట్టాంటివి."

"మరి ఒంటికి పట్టేది యాడ?"

చిన్నపేగు లోపల గోడంతా నారుమడిలా సన్నటి మొలకలుంటాయనీ, ఎంజైములు విడగొట్టిన సారాన్ని అవే పీల్చి రక్తంలో కలుపుతాయనీ చెప్పాను. నాయన కళ్ళు మూసుకున్నారు. మడికి నీళ్ళు మళ్ళిస్తున్నట్టు వేళ్ళు మెల్లగా కదిలాయి.

"జొరానికి నా నారు మాడిపోయిందేమో. మళ్ళా మొలుస్తాదా అబ్బయా?"

"మొలుస్తాది నాయనా."

ఆ మాట అన్నానే గాని నాకూ భయంగానే ఉంది.

ఆ పూట ఒక్క ముద్దను ఎంతసేపు నమిలారో! ఉన్నట్టుండి అమ్మ వైపు తిరిగారు. "తియ్యంగా ఉండాదే!"

"ఇన్నేళ్ళు వండి పెడితే, నా కూడు రుచి ఇయ్యాళ్టికి తెలిసిందా మీకు?" అంది అమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

డైరీలో ముద్దలు ఐదయ్యాయి, ఆరయ్యాయి. నారు పోసే రోజులొచ్చాయి. ఒక ఉదయం మంచం మీద నాయన కనపడలేదు. పరుగెత్తాను. కాలవ గట్టు మీద, పచ్చగా మొలిచిన నారుమడి ముందు నిలబడి, తీరిగ్గా గుప్పెడు బియ్యం నములుతున్నారు.

ఆ రోజు ముద్దలు లెక్కపెట్టడం మరిచిపోయాను.