నోటిమాట చెల్లదు

సారంగపాణి గారికి నోటిమాట పడదు. ఆఫీసులో ఎవరేం చెప్పినా, కాగితం మీద రాసిస్తేనే అది ఆయన లెక్కలో మాట.

"వానొస్తాంది సార్, కిటికీ ముయ్యాల్నా?" అని అటెండరు ఉప్పలయ్య అడిగేవాడు. ఆయన తలెత్తకుండా ఒక కాగితం ముక్క ముందుకు తోసేవారు. ఉప్పలయ్య ఆ ప్రశ్న రాసి, ఆయన చదివి, కింద "మూయవచ్చును" అని రాసి సంతకం పెట్టేలోపు వాన లోపలికొచ్చి సంతకాన్ని కడిగేసేది. సంతకం లేని చీటీ చెల్లదు కనుక మళ్ళీ ఇంకో చీటీ.

హన్మకొండలో ఆ రోజుల్లో చెరువులు, తూములు చూసుకునే సర్కారు ఆఫీసొకటి ఉండేది. జనం చెరువులాఫీసు అనేవారు. సారంగపాణి గారు అందులో హెడ్ క్లర్కు. ఎస్తేరు డిస్పాచ్ క్లర్కు. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం ఆమె నంబరు వెయ్యనిదే కదలవు.

ఎస్తేరు ఆయన్ని మొదటిసారి చూసింది డెబ్బై ఆరు జూన్‌లో, పెద్ద సెలవు ముగించుకుని తిరిగి పనిలో చేరిన రోజున. అంతకు తొమ్మిది నెలల ముందు ఆమెకు మెదడువాపు జ్వరం వచ్చింది. దవాఖానలో ఇరవై రోజులుండి ప్రాణం దక్కించుకుంది కానీ రెండు చెవుల్లోనూ వినికిడి పూర్తిగా పోయింది. ఆమె సెలవులో ఉండగానే పాత హెడ్ క్లర్కు వెళ్ళిపోయి, తొర్రూరు నుంచి సారంగపాణి గారు బదిలీ మీద వచ్చారు.

ఆ ఉదయం ఆమె గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. ఎవరన్నా పలకరిస్తే? తన గొంతు తనకే వినబడదు. ఇంట్లో "ఉప్పు అందుకో" అంటే పక్కింటివాళ్ళు ఏమైందోనని తొంగిచూస్తున్నారు. చివరికి ధైర్యం చేసి లోపలికి నడిచింది. ఎవరూ పలకరించలేదు. అందరూ తలలు వంచుకుని ఏదో రాసుకుంటున్నారు. ఒక బక్కపల్చని మనిషి మాత్రం లేచి వచ్చి చేతిలో చీటీ పెట్టాడు.

"పది నిమిషములు ఆలస్యము. కారణము రాయవలెను."

ఎస్తేరుకు ఒళ్ళు మండింది. దాని కిందే రాసింది: "తొమ్మిది నెలలు రాకపోతే అడగలేదు, పది నిమిషాలకు అడుగుతారా?"

ఆయన చదివారు. తీరిగ్గా ఆలోచించారు. "సమాధానము తృప్తికరము" అని రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ఆమెకు అర్థమైంది, ఈ బాధ తనొక్కదానిదే కాదని. చాయ్ కావాలన్నా చీటీ, సూదీ దారం కావాలన్నా చీటీ. ఉప్పలయ్యకు తుమ్ము వచ్చినా ముందు చీటీ రాయాలేమో అన్నట్టుగా ఉంది వ్యవహారం. పైగా డిస్పాచ్ నంబరు లేని చీటీ చెల్లదని రూలు. అందువల్ల ప్రతి చీటీ ఎస్తేరు బల్ల మీదుగానే పోవాలి. ఎవరి బావమరిది పెండ్లి తప్పిపోయిందో, ఇంజినీరు గారి కొత్త చొక్కా గురించి ఎవరేమన్నారో అన్నీ చదివి, నంబరేసి పంపేది. వినికిడి ఉన్న రోజుల్లో కూడా ఆమెకు ఆఫీసు ముచ్చట్లు ఇన్ని తెలియవు. మొదటివారం కోపంగా చదివింది. రెండోవారం నవ్వుకుంటూ చదివింది. మూడోవారం నుంచి తనూ రెండు జోకులు రాసి నంబరేసి వదిలింది.

తర్వాత ఆయన బల్లల మీద పడ్డారు. "వెనుక నుండి వచ్చి ఎవరైనా పిలిచినచో నాకు గుండె దడ" అని చీటీ తీసి, బల్లలన్నీ గుమ్మం వైపు తిప్పించారు. ఆఫీసు అచ్చం ఆర్టీసీ బస్సులా తయారైంది. వచ్చిన రైతులు టికెట్ ఎక్కడ తీసుకోవాలని అడిగేవాళ్ళు. ఎస్తేరుకు మాత్రం మొదటిసారి హాయిగా ఊపిరాడింది. వచ్చే మనిషి ముందే కనబడుతున్నాడు. ఎవరూ వెనకనుంచి భుజం తట్టి ఉలిక్కిపడేలా చెయ్యడం లేదు. ఈ ముసలాయన పిచ్చి తనకు ఎంత కలిసొచ్చిందో అనుకుంది.

ఒకరోజు యాకమ్మ అనే రైతు తమ ఊరి తూము పగిలిందని మొరపెట్టుకోవడానికి వచ్చింది. సారంగపాణి గారు కాగితం తోశారు.

"నాకు సదువు రాదు సారూ!"

ఆయన ఒక చీటీ రాసి ఉప్పలయ్యకిచ్చారు. ఉప్పలయ్య అది చదివి తల గోక్కున్నాడు. "రాసుడు రాకుంటె బొమ్మ గియ్యమంటాండు యాకమ్మా."

"ఓ అయ్యా, నేను నాట్లేసేదాన్ని, బొమ్మలేసేదాన్ని కాదు!"

అని తిట్టుకుంటూనే నేల మీద కూర్చుని గీసింది. చెరువు, కట్ట, తూము, పక్కన ఒక బర్రె. బర్రె ఎందుకని మళ్ళీ చీటీ వచ్చింది. "అది నా బర్రె. అది పండుకునే కాడనే పలిగింది" అంది యాకమ్మ. ఎస్తేరు "తూము ఒకటి, బర్రె ఒకటి" అని రాసి నంబరేసింది. ఓవర్సీరు ఆ కాగితం పట్టుకుని పోయి, బర్రెను వెతికి, తూము దొరికించుకున్నాడు.

ఇంజినీరు వీరభద్రం గారికి మాత్రం ఎస్తేరు సంగతి బెంగగా ఉండేది. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్థుడు. ఆమె పనికి పనికొస్తుందో లేదో మూడు నెలల్లో పైకి రిపోర్టు పంపాలి. ఒకరోజు ఆమె ముందే సారంగపాణి గారితో అన్నాడు. ఏమన్నాడో ఆమెకు తర్వాత ఉప్పలయ్య రాసిచ్చాడు.

"ఈమెకు ఆర్డర్ జెప్తె ఎట్ల అందుతది? పెన్షనిచ్చి ఇంటికి పంపుదామయ్యా."

సారంగపాణి గారు చీటీ తీశారు. "తమరి మాట నాకును అందలేదు. రాసి ఇవ్వవలెను."

ఇంజినీరు విసుక్కుంటూ పెన్ను తీసి, "ఈమె పనికి" దాకా రాశాడు. అక్కడ పెన్ను ఆగింది. నోటితో సులువుగా వచ్చిన మాట కాగితం మీదికి రానంది. ఎదురుగా ఎస్తేరు ఆ రాసే చేతినే చూస్తోంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆగస్టులో పెద్దవాన పట్టింది. ఎర్రకుంట కట్ట జారుతోందని కబురు. వీరభద్రం గారు జీపెక్కుతూ ఇసుక బస్తాలు పంపమని అరిచాడు. ఎర్రకుంటకని లారీ డ్రైవరు, ఎర్రచెరువుకని ఉప్పలయ్య వాదులాటకు దిగారు. సారంగపాణి గారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కాగితాల కట్ట పట్టుకుని జీపుకు అడ్డంగా నిలబడ్డారు.

"జరుగవయ్యా! కట్ట తెగుతాందంటే గీ చీటీల లొల్లేంది!"

ఆయన జరగలేదు. ఇంజినీరు పళ్ళు కొరుకుతూ రాసి విసిరాడు. ఎస్తేరు వానలోనే అందుకుని, చదివి, నంబరేసి డ్రైవరు చేతిలో పెట్టింది: "ఎర్రకుంట, రెండు వందల బస్తాలు." బస్తాలు సరిగ్గా చేరాయి. కట్ట నిలబడింది.

మర్నాడు వీరభద్రం గారు రిపోర్టు తనే తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఆర్డర్లు అందుకోగలదా?" అన్న చోట రాసి ఉంది: "రాసిస్తే, అందరికంటే ముందు."

ఆమె నంబరేసింది. చూపు ఆ మాట మీదే ఉండి ఏడు తొమ్మిదిలా పడింది.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగులో సారంగపాణి గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఉపన్యాసాలు కూడా చీటీలే. ఒకరు రాయడం, అందరూ చదివి చప్పట్లు కొట్టడం. భార్య కమలమ్మ దండ పట్టుకుని ఓపిగ్గా కూర్చుంది. అప్పుడు తొర్రూరు నుంచి ఆయన పాత స్నేహితుడు వెంకట్రాజం బస్సు దిగి వచ్చాడు. ఆయనకు ఇక్కడి పద్ధతి ఎవరూ చెప్పలేదు. వస్తూనే నిలబడి నోరు విప్పాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. ఉప్పలయ్య మాత్రం చేతులూపుతూ ఆపమని సైగ చేస్తున్నాడు.

ఎస్తేరు కాగితం అందించింది. వెంకట్రాజం వింతగా చూసి, రాశాడు: "తొర్రూరుల ఈయన పేరు రేడియో. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకినా బంద్ కాడు. ఈయనతోని ముచ్చట్ల పడి నాకు మూడుసార్లు బస్సు తప్పింది. రాసుడంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఈయన సెలవు చీటీలన్ని నేనే రాసిన."

ఎస్తేరు రెండుసార్లు చదివింది. ఉప్పలయ్య వైపు చూసింది. ఇక దాచలేక అతనూ పెన్ను తీశాడు: "నువ్వచ్చే ముందురోజు అందరిని కూడేసి జెప్పిండు బిడ్డా. ఒక్కామెకు రాసిచ్చుకుంట పోతే ఆమెకు చిన్నతనం, రేపటి సంది అందరం రాసుకుందాం అన్నడు. బల్లలు తిప్పుడు సుత గందుకే."

ఆ రెండు కాగితాలూ పట్టుకుని ఆమె సారంగపాణి గారి ముందుకు వెళ్ళి నిలబడింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని చదివారు. కింద రాశారు: "వెంకట్రాజం చిన్నప్పటి నుండి అబద్ధాలకోరు."

భుజం మీదుగా చదివిన వెంకట్రాజం ఎగిరిపడ్డాడు. ఆ గొడవలో కమలమ్మ మెల్లగా ఎస్తేరు చేతిలోని పెన్ను తీసుకుంది.

"ఈడ మింగిన మాటలన్ని ఎనిమిదేండ్ల సంది సాయంత్రం ఇంటికచ్చి నా చెవుల పోసిండు. ఇంట్ల సుత నోటిమాట చెల్లదని ఒక చీటీ తియ్యి బిడ్డా."

ఎస్తేరు ఏడవబోయి నవ్వింది. ఆయన పాదాలకు దండం పెడితే, లేవమని ఆయన చీటీ కోసం జేబులు వెతుక్కుని, దొరక్క, రెండు చేతులతో లేవదీశారు.

ముగ్గురినీ ఎక్కించుకున్న రిక్షా గేటు దాటిందో లేదో ఆయన మొదలుపెట్టారు. ఎస్తేరు మెట్ల మీద నుంచి చూస్తోంది. ఒక చెయ్యి ఆకాశంలోకి పోతోంది, ఇంకోటి వెంకట్రాజం తొడ మీద పడుతోంది. నోరు ఒక్క క్షణం మూతపడటం లేదు. కమలమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుంది. మలుపు దగ్గర రిక్షా అతను తొక్కడం ఆపేసి, వెనక్కి తిరిగి కూర్చుని, ఆ తర్వాత ఏమైందో చెప్పమన్నట్టు ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.