రేగడి మీద తప్పిన నడక లెక్క

షాహీన్ నెమ్మదిగా నడవడం వల్లే ఆ హైకింగ్ ఆలస్యమైందని మా స్టాఫ్‌ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారట. శుద్ధ అబద్ధం. ఆ రోజు అందరికంటే ముందు నడిచింది షాహీనే. వెనకబడింది నేనూ, నా లెక్కా.

పదేళ్ల కిందటి నవంబరు. చిలకలూరిపేట దగ్గర ఒక మహిళా డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్ని. ఇరవై మంది అమ్మాయిలను చేల మధ్య డొంకదారి వెంట ఐదు కిలోమీటర్లు నడిపించి, గుట్ట ఎక్కించి తీసుకురావడానికి ప్రిన్సిపాల్ గారు అనుమతి ఇచ్చారు. షరతు ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికల్లా హైవే మీద కాలేజీ బస్సు దగ్గర ఉండాలి. దాటితే మళ్లీ హైకింగ్ మాట ఎత్తకూడదు. హాస్టలు గోడ దాటి పిల్లలు బయటికొచ్చే రోజు ఏడాదికి అదొక్కటే.

నడక వేగం కట్టడానికి పద్ధతుంది. గ్రౌండులో వంద మీటర్లు సున్నంతో గీసి, ఒక్కొక్కరినీ మామూలుగా నడిపించి స్టాప్‌వాచ్‌ చూస్తాం. జట్టు వేగం అంటే సగటు కాదు, చివరి మనిషి వేగం. మాకు చివరి మనిషి షాహీన్. సత్తెనపల్లి వైపు మిర్చి రైతు కూతురు. అక్క బూట్లు వేసుకొచ్చి కుంటుతూ నడిచింది. ఆమె వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు. ఆ లెక్కన రానూపోనూ పది కిలోమీటర్లకు రెండున్నర గంటలు. దాని మీద గుట్టకు గంట, విశ్రాంతికి అరగంట కలిపాను. తొమ్మిదికి బయల్దేరితే ఒంటి గంటకు తిరిగి రావాలి. గంట మిగులు కూడా పెట్టానని నాకెంత మురిపెమో!

ముందురోజు సాయంత్రం అక్కడ వాన పడిందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మొదటి కిలోమీటరు పావుగంటలో దాటాం. ఆ తర్వాత అంతా నల్లరేగడి. పది అడుగులు వేసేసరికి బూటు కింద ఇంకో బూటు తయారైంది. పుల్లతో గీకడం, మళ్లీ నడవడం. రెండో కిలోమీటరుకు ముప్పై ఆరు నిమిషాలు పట్టింది.

పక్క చేలో పత్తి తీస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి నడుం ఎత్తి నవ్వింది.

"ఏందమ్మాయ్, చేనంతా బూట్లకేసుకుని పోతన్నారా? ఇప్పండే! రేగట్లో బూట్లేసుకునేది ఎవురే?"

"ముళ్లు గుచ్చుకోవా అండీ?" అన్నాను.

"గుచ్చుకుంటే తీసుకుంటారు. కాళ్లు ఊడిరావుగా!"

షాహీన్ అప్పటికే బూట్లు విప్పి, తాళ్లు ముడేసి మెడలో వేసుకుంది. "రండి మేడం, నా అడుగుల్లో అడుగెయ్యండి" అని గట్టంచున గడ్డి మీదుగా దారి తీసింది. గ్రౌండులో చివరి పిల్ల రేగడిలో మొదటిదైంది. "ఒసే, కాస్త ఆగవే!" అని వెనక నుంచి కేకలు. గ్రౌండులో ముందున్న పిల్లలు ఒక్కొక్కరే జారిపడ్డారు. నేను రెండుసార్లు.

గుట్ట ఎక్కకుండా వెనక్కి తిరిగితే టైముకు చేరేవాళ్లం. పిల్లల ముఖాలు చూసి ఎక్కించాను. ఆ నిర్ణయం నాది, దానికి పశ్చాత్తాపం లేదు. రెండూ నలభైకి బస్సు చేరాం. ప్రిన్సిపాల్ గారు ఇరవై జతల బురద కాళ్లను చూసి, "ఇదేంటమ్మా, నాట్లకెళ్లారా?" అన్నారు. నివేదిక అడిగారు. కారణం వివరంగా రాసి, నడక వేగాల పట్టిక జతచేశాను. పట్టిక అడుగున "షాహీన్, అందరికంటే నెమ్మది" అని నా చేతిరాత. రెండు పేజీల వివరణ చదివే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఒక్క ముక్కే స్టాఫ్‌ రూము దాకా నడిచింది.

నేర్చుకున్నది ఇది. వేగం మనిషిది కాదు, ఆ మనిషి కాలి కింది నేలది. నడవబోయే నేల మీదే కొలవాలి, బయల్దేరాక మొదటి గంటలో మళ్లీ కొలవాలి.

హైకింగ్ రద్దు చెయ్యలేదు కానీ, ఇకమీదట బురద లేని మే నెలలోనే వెళ్లాలని ప్రిన్సిపాల్ గారు ఫైలు మీద రాశారు. పల్నాటి మే ఎండలో మనిషి గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తాడని ఆయన లెక్క వేశారో, ఎవరైనా కనుక్కుని చెబుతారా?