నేను చూడని ఎలుగు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. లేస్తే అదే, పడుకుంటే అదే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీ ముఖం నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను.

మా మద్దేడ్ వైపు అడవిలో ప్రతి ఇప్పచెట్టూ ఏదో ఒక ఇంటిదే. ఒకరి చెట్టు కింద పువ్వును మరొకరు ముట్టరు. ఆ ఇంటివాళ్లు వదిలేశారని తెలిస్తే మాత్రం ఎవరైనా ఏరుకోవచ్చు. ఆ ఏడు మా చెట్లు సరిగా పూయలేదు. పక్కింటి ముత్తక్క చెట్టు కింద తెల్లారేసరికి నేల కనబడేది కాదు. నాకు కళ్లు కుట్టాయి. ఆకలితో చేశానంటే నువ్వు జాలిపడతావేమో. లేదు, ఇంట్లో బియ్యం ఉన్నాయి. కడుపుమంట, అంతే.

ఇప్పపువ్వుకు ఎలుగుబంట్లు వస్తాయి. పులికంటే మాకు అవంటేనే ఎక్కువ భయం. ఎలుగు ముఖం మీదికే వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ భయాన్నే వాడుకున్నాను.

"అక్కా, నీ చెట్టు కాడ ఎలుగు తిరుగుతాంది. పోకు," అన్నాను.

"నిజంగ చూసినవా ఏంది?"

"అబద్ధమాడితే నాకేమొస్తది?"

"నువ్వు చెప్పకుంటే నా పని అయిపోతుండె చెల్లె. వాగు అవతల మాదింకో చెట్టున్నది, అటే పోత తియ్."

అటూ ఎలుగులు రావచ్చు, ఆగమని ఎందుకు అనలేదు? నోరు పడిపోయిందా? లేదు, అప్పటికే నా మనసంతా బుట్ట మీద ఉంది. మర్నాడు పొద్దున్నే నేను ఆమె చెట్టు కింద పువ్వు ఏరుతుండగా వాగు వైపు నుంచి కేక వినిపించింది. అక్కడ నిజంగానే ఎలుగు ఉంది, పిల్లతో. జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి ముత్తక్క ఒక కన్నుతో, సగం ముఖంతో తిరిగొచ్చింది.

ఊరంతా ఏమంది? ఎలుగు పగబట్టిందంది. ఒక చెట్టు దగ్గర దొరక్కపోతే ఇంకో చెట్టు దగ్గర కాపు కాసిందంది. గొడ్డళ్లతో వెళ్లి దాన్ని చంపారు. పిల్ల ఏమైందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ముత్తక్క ఇప్పటికీ ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈ చెల్లె ముందే హెచ్చరించింది, నా ఖర్మే బాగాలేదు అంటుంది. ఛీ! ఆ మాట విన్న ప్రతిసారీ ఆ ఎలుగు నా ముఖమే చీల్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అనిపిస్తుందే గానీ నోరు విప్పను.

ఈరోజు విప్పాను, అదీ నీ దగ్గర. ఆమె గడప మా ఇంటికి ఇరవై అడుగులు. అంత దూరం నడవలేక నీకు రాశాను. ఆమెకు చదవడం రాదు, అదీ తెలిసే రాశాను. రాశాక గుండె కాస్త తేలికైంది. అలా తేలిక కావడం కూడా నాకు అసహ్యంగానే ఉంది.