తారు పూసిన కప్పు కింద

రెండువేల పదిహేను మే నెలలో నేను కళింగపట్నం దగ్గర మా కన్నవారింట పురిటి గదిలో ఉన్నాను. పదకొండో రోజున పురుడు కడిగేదాకా గడప దాటకూడదు. ఇరవై ఒకటో రోజు దాకా కిటికీ తీయకూడదు, ఫ్యాను వేయకూడదు. మంచం కింద కుంపటి ఆరకూడదు. మంచినీళ్ళు గుక్కెడు, అవీ కాచినవే. ఇవన్నీ మామ్మ పెట్టిన నియమాలు. మామ్మ అంటే నాన్నకి తల్లి. ఆమె మాటకు అమ్మా నాన్నా ఎదురు చెప్పింది నేను చూడలేదు.

ఆ గదికి ఒక తలుపు, ఒక కిటికీ, పైన స్లాబు. అంతకు ముందు ఏడాది తుఫానుకి స్లాబు కారడం మొదలైతే నాన్న మేడంతా తారు పూయించాడు. కారడం ఆగింది. ఎండాకాలం వచ్చాక ఆ నల్లటి కప్పు పొద్దుటినుంచి ఎండను తాగి, చీకటిపడ్డాక కూడా మా మీద కుమ్మరించేది. మంచం మీద పడుకుని చెయ్యి పైకెత్తితే, మూకుడు మీద చెయ్యి పెట్టినట్టు అరచేతికి సెగ తగిలేది.

ఇంకెవరినీ అనడానికి లేదు. మట్టిగోడల తాటాకిల్లు పీకేసి స్లాబు వేయమని పట్టుబట్టింది నేనే. ఏడో తరగతితో బడి మానేశాక మా ఊరి గ్రంథాలయమే నాకు బడి. ఇళ్ళ నిర్మాణం మీద అక్కడున్న పుస్తకాన్ని మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. తాటాకు నిప్పుకి ఆగదని, మట్టిగోడకి చెదలు పడుతుందని అందులోంచి చదివి వినిపించి నాన్నని ఒప్పించాను. పెళ్ళై శృంగవరపుకోట వెళ్ళేటప్పటికి ఇల్లు పూర్తయింది. ఆ ఇంట్లో మొదటి పురుడు నాదే.

నాలుగో రోజుకి బిడ్డ మెడ మీద, చంకల్లో చెమటకాయలు లేచాయి. నేను మామ్మని పిలిచాను. ఆమె గడప అవతలే నిలబడింది. పురిటి మైల కదా, లోపలికి వస్తే మళ్ళీ స్నానం చెయ్యాలి.

"మామ్మా, ఉడికిపోతన్నాను. కిటికీ ఒక్క రెక్క తియ్యే."

"ఉడకాల. పచ్చి ఒళ్ళు గట్టిపడాల. గాలి సోకితే వాతం సేస్తాది."

"కిటికీ తియ్యాలని పుస్తకంలో ఉన్నాది."

"ఆ పుస్తకం రాసినోడు పురుడు పోసుకున్నాడేటే?"

వంటింట్లో అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చేదే, బిడ్డ ఒళ్ళు అంత వేడిగా లేకపోతే.

ఉపకేంద్రం నర్సమ్మ వచ్చి, "కుంపటి తీసెయ్యండి, గాలి రానివ్వండి, బాలింతకి కడుపునిండా నీళ్ళివ్వండి, బిడ్డ పాలు మానేస్తే వెంటనే ఆసుపత్రికి రండి" అని చెప్పింది. మామ్మ అన్నిటికీ తలూపింది. నర్సమ్మ వీధి మలుపు తిరిగేదాకా చూసి, తలుపు దగ్గరగా వేసేసింది.

అప్పుడు నేను నా తెలివి వాడాను. వేడి దేశాల్లో గుమ్మానికి తడిపిన వట్టివేళ్ళ తడకలు కడతారని ఆ పుస్తకంలోనే చదివాను. తడి ఆరుతూ గాలిలో వేడిని లాక్కుపోతుంది. బయటి గాలి లోపలికి రాదు గనక మామ్మకి కూడా అభ్యంతరం ఉండదనుకున్నాను. అమ్మని బతిమాలి, గోనె సంచులు తడిపి తలుపుకీ కిటికీకీ లోపలివైపు కట్టించాను. అమ్మ నన్ను మెచ్చుకుంది. నేనూ నన్ను కొంచెం మెచ్చుకున్నాను.

మధ్యాహ్నానికి గది ఇడ్లీపాత్ర అయింది. గోడలు చెమర్చాయి. దుప్పటి ఒంటికి అంటుకుంది. చెమట కారుతుందే తప్ప ఆరదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పేజీలోనే, ఈ పద్ధతి పొడిగాలి వీచే చోట్లకే పనికొస్తుందన్న వాక్యం. మూడుసార్లూ దాన్ని చదివాను. సముద్రం పక్కన, ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా నీరుకారే ఊళ్ళో పుట్టి, ఆ వాక్యం నా కోసం రాసిందని ఒక్కసారీ తట్టలేదు.

సంచులు విప్పించేసరికి మామ్మకి సంగతి తెలిసిపోయింది. "సూసినావా? సదువుకున్నోళ్ళు పిల్లల్ని ఆవిరి మీద పెంచుతారు కాబోలు" అంది. ఆ తర్వాత నేనేం చెప్పినా నా మాటకి విలువ లేకుండా పోయింది. మా ఆయన ఫోనులో ఏసీ పెట్టించమన్నాడు. ఆ మాట వినగానే మామ్మ, "మంచుగెడ్డలో ఎడతాడేటి పిల్లోడిని?" అని ఫోను పెట్టించేసింది.

తొమ్మిదో రోజు పొద్దున్న బిడ్డ రొమ్ము పట్టలేదు. రెండు చుక్కలు తాగి తల పక్కకి వాల్చేశాడు. ఏడవలేదు కూడా. వాడు ఏడవకపోవడం నాకు భయం పుట్టించింది. నర్సమ్మ మాట గుర్తొచ్చింది, కానీ ఆసుపత్రికి కదలాలన్నా మామ్మ ఒప్పుకోవాలి. అమ్మ కళ్ళాపి జల్లడానికి వెళ్ళింది. మామ్మ పత్యం గిన్నె గడప మీద పెట్టడానికి వంగింది. నేను బిడ్డని ఆమె చేతుల్లో పెట్టేశాను.

"ఏటే ఈ పని! మైలపడిపోనాను" అంటూనే ఆమె వాణ్ణి గుండెకి అదుముకుంది. మళ్ళీ మంచం మీద పడుకోబెట్టడానికి లోపలికి వచ్చింది. ఆమె అలా వంగి ఉండగా నేను తలుపు మూసి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కింద కూర్చున్నాను.

"ఓలమ్మ, తలుపెందుకు ఏసినావే?"

"గాలి సోకుతాదని, మామ్మా."

"తియ్యే! తానం సెయ్యాల."

"సేద్దువుగానిలే. కాసేపు కూసో."

"మతి పోనాదేటే నీకు! ఒరే, రారా, నీ కూతురు సూడు ఏటి సేస్తన్నాదో!"

నాన్న వచ్చి బయట తలుపు కొట్టాడు. నేను వీపు ఇంకా గట్టిగా ఆనించాను. కళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళు సరిగ్గా తాగి తొమ్మిది రోజులు. అయినా లేవలేదు. నా బతుకులో మామ్మ మీద నాది పైచెయ్యి కావడం అదొక్కసారే.

ఆమె మొదట తిట్టింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కుంపటిని కాలితో మూలకి తోసింది. మంచం అంచున కూర్చుంది. చివరికి లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసుకుంది. పైకి చూసింది.

"మాకూ కుంపటి ఎట్టినారు. మాకూ తలుపేసినారు. నీ బాబుని కన్నప్పుడు ఇలగ నేదే."

"అప్పుడు పొగెటు పోయీది మామ్మా?"

"తాటాకు సందుల్లోంచి పోయీది. మరెటు పోతాది?"

అని ఆమె మళ్ళీ కప్పు వంక చూసి, సందు కోసం మూలమూలా వెతికింది. నేను పుస్తకం ఊసెత్తలేదు. వేడిగాలి పైకి లేస్తుందని, దానికి పైన దారి ఉండాలని అందులో ఒక అధ్యాయమంతా ఉంది. ఆ అధ్యాయమంతా మామ్మ పాతింటి కప్పులో ఉండేది. ఆమె తలుపులు మూసిందే గానీ, ఆ ఇల్లు ఎన్నడూ మూసుకుని లేదు.

నేను గడియ తీశాను. మామ్మ బయటికి వెళ్ళలేదు. తలుపు బార్లా తీసి, గడప మీద నిలబడి నాన్నని పిలిచింది.

"ఒరే, కప్పు కింద ఈపక్కా ఆపక్కా గోడ కొట్టు."

"కొత్త గోడ కదేటమ్మా!"

"గోడ మళ్ళీ కట్టుకుంటావు. ఈడు మళ్ళీ రాడు."

ఆ పూటే కుంపటి వెళ్ళిపోయింది. చెంబుడు నీళ్ళు వచ్చాయి, నేను ఆపకుండా తాగాను. అమ్మ గిన్నెలోకి నా పాలు పిండించి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా వాడి నోట్లో వేసింది. నర్సమ్మ మళ్ళీ వచ్చి చూసి, చుక్కలు మింగుతున్నాడు గనక కాసేపు చూద్దామని, సాయంత్రానికి కూడా తాగకపోతే ఆటో పిలవమంది. నాన్న సుత్తీ ఉలీ పట్టుకుని స్లాబు కింద ఎదురెదురుగా రెండు కన్నాలు కొట్టాడు. ఎండను తిప్పికొట్టడానికి సున్నం వేద్దామంటే తారు మీద నిలవదు గనక, మేడ మీద నడుమెత్తున కొబ్బరి మట్టలతో పందిరి వేశాడు. కప్పుకీ పందిరికీ మధ్యలోంచి సముద్రపు గాలి పోతోంది.

వీధిలోంచి ఎవరో అరిచారు: "మేడ మీద పందిరేటి మావా, పెళ్ళెవురికి?"

"పెళ్ళి కాదురా, మనవడికి గొడుగు!"

మట్టలు పరిచిన చప్పుడు, వాళ్ళ మాటలు వింటూ నేను లోపలే ఉన్నాను. నన్ను బయటికి మాత్రం మామ్మ రానివ్వలేదు. పురుడు పురుడేనంది. పొద్దు వాలే వేళకి బిడ్డ కదిలాడు. నోరు తెరిచి వెతుక్కుని రొమ్ము పట్టాడు. చనుమొన పగిలిన చోట వాడు లాగుతుంటే ప్రాణం పోయినంత నొప్పి. పళ్ళు బిగపట్టుకుని, వాడి గొంతులో గుటకలు లెక్కపెట్టాను. ఇరవై దాటాక లెక్క తప్పింది. మామ్మ గడప అవతల నుంచి అడిగింది, "తాగుతన్నాడా?"

"తాగుతన్నాడు."

"కదలకు మరి" అని ఆమె తలుపు దగ్గరగా వేసింది. పైన కన్నాల్లోంచి గాలి మాత్రం ఆగలేదు.