సుదర్శన్ రాసిపెట్టిన పాత తేదీ

తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ క్యాంపస్ లోపలికి నడిచేసరికే సుదర్శన్ ప్రాణం ఉసూరుమనేది. పదకొండేళ్లుగా పరీక్షల విభాగంలో కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఏటా రెన్యువల్ కోసం చేతులు కట్టుకుని నిలబడాలి. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని ఎన్నిసార్లు అనుకున్నాడో!

పరీక్ష ఫారాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ అతను రాసిందే. చివరి తేదీ డేటాబేస్‌లో ఉంటుంది, సూపరింటెండెంట్ వీరస్వామి ఏటా అక్కడే మారుస్తాడు. డేటాబేస్ పలకనప్పుడు పని ఆగకూడదని సుదర్శన్ కోడ్‌లోనే ఒక తేదీ రాసిపెట్టాడు. మొదటి ఏడాది తేదీ అది. తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. ఏడేళ్లయింది, మార్చనేలేదు.

ఆ సోమవారం లాలాగూడ నుంచి ప్రవళిక అనే పీజీ అమ్మాయి వచ్చి కౌంటర్ దగ్గర ఏడుపు మొదలుపెట్టింది.

"సార్, ఆఖరు రోజు పొద్దుగూకక ముందే ఫారం నింపిన. గడువు అయిపోయిందని వచ్చింది. అప్పటికింక మస్తు టైమున్నది సార్!"

"అందరివి తీసుకున్నది, నీదొక్కటే తీసుకోలేదా? కథలు చెప్పకమ్మా," అన్నాడు వీరస్వామి. "వచ్చే ఏడు రాసుకో, పో."

సుదర్శన్ రికార్డు తీసి చూశాడు. ఆ సాయంత్రం ఇరవై నిమిషాలు డేటాబేస్ పలకలేదు; ఆ కాసేపట్లో వచ్చిన ఫారం ఈ పిల్లదొక్కటే. సాఫ్ట్‌వేర్ ఆగలేదు, అరవలేదు. గప్‌చుప్‌గా ఏడేళ్ల నాటి తేదీ తీసుకుని ఆ పిల్లను వెనక్కి పంపేసింది. ఈ సంగతి ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. రెన్యువల్ సంతకాలు ఈ వారమే. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. కానీ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. తప్పు నాదేనని కాగితం మీద రాసి ఇచ్చాడు.

"పిచ్చి గిట్ట లేసిందా? నీ రెన్యువల్ ఫైలు నా టేబుల్ మీదనే ఉన్నది. సర్వర్ మీదికి తోసెయ్యరాదు?" అన్నాడు వీరస్వామి.

"సర్వర్ అంటే కంట్రోలర్ పెద్దసారు నమ్మడు సార్. నేను రాసిస్తెనే పిల్ల పరీక్ష రాస్తది."

గురువారం ప్రవళికకు హాల్ టికెట్ వచ్చింది. శుక్రవారం రెన్యువల్ లిస్టు వచ్చింది. అందులో సుదర్శన్ పేరు లేదు. బాధ లేదా అంటే ఉంది, బోలెడంత. లాలాపేట్‌లో ఇంటికెళ్లి భార్య అమలకు ఏమని చెప్పాలో తోచలేదు.

ఉద్యోగంలో ఆఖరి రోజున కోడ్ తెరిచి ఆ పాత తేదీ చెరిపేశాడు. డేటాబేస్ పలకకపోతే ఫారం తీసుకోవాలి, తేదీ సంగతి మనుషులు తర్వాత చూసుకోవాలి అని మార్చి రాశాడు.

"ఇయ్యాల గూడ పనేందయ్యా?" అన్నాడు వీరస్వామి.

"మళ్ల ఎవరన్న పిల్ల గిట్లనే ఏడ్సుకుంట వస్తే, తప్పు నాదని చెప్పనీకి రేపు నేనుండ గద సార్."