సీసా మెడ, ఎర్ర టేపు

నా చిన్నప్పుడు ఇంగ్లీషంటే నాకు భయం కన్నా సిగ్గే ఎక్కువ. హొసకోటెలో ఏడో తరగతి దాకా కన్నడంలో చదివి, ఎనిమిదిలో ఇంగ్లీషు మీడియంలో చేరాను. మూడు నెలల పరీక్షలో ఇంగ్లీషు తప్పితే మళ్లీ కన్నడ బడికే పంపేస్తామని హెడ్‌మాస్టరు ముందే చెప్పారు. ఎలాగైనా అక్కడే నిలవాలని నా పట్టుదల. అందుకని అర్థం కాకపోయినా బట్టీ కొట్టేదాన్ని. క్లాసులో మాత్రం ఏదీ అడిగేదాన్ని కాదు. నవ్వుతారని.

కష్టాలకూ అడ్డంకులకూ ఇంగ్లీషులో వాడే నుడికారాలు పాఠంగా వచ్చాయి. ఆదివారం పొద్దున ‘బాటిల్‌నెక్ అంటే ఆటంకం’ అని వల్లిస్తుంటే మా తాతయ్య మగ్గం ఆపి లేచి వచ్చారు.

“అంటే సీసా మెడ కదమ్మా? దానికీ ఆటంకానికీ ఏం సంబంధముండాది?”

“పుస్తకంలో అట్లే ఉండాది తాతా,” అన్నాను విసుగ్గా.

“నాకూ తెలీదు, నీకూ తెలీదు. రా, కనుక్కుందాం.”

మెయిన్ రోడ్డు మీదికి తీసుకెళ్లి, కనిపించినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టారు. టీకొట్టు దగ్గర అందరూ నవ్వారు. ఆయనా వాళ్లతోపాటు నవ్వి ముందుకు కదిలారు. నాకు తల తీసేసినట్టయింది. ఇంటికి పోదామని చెయ్యి పట్టుకుని లాగాను, ఆయన అడగడం మానలేదు. ఆగిపోయిన లారీల వరసలో ఒక డ్రైవరు చెప్పాడు.

“ముందర చూడప్పా! బ్రిడ్జి దగ్గర రోడ్డు సన్నగా ఉండాది. ఇన్ని బండ్లూ ఒక్కొక్కటే దూరాల. దాన్నే బాటిల్‌నెక్ అనేది.”

సీసా మెడ నా కళ్లముందే కనబడింది. తాతయ్య మొహం వెలిగిపోయింది.

మరునాడు క్లాసులో ‘రెడ్ టేప్’ వచ్చింది. లేచి నిలబడ్డాను. ఎర్ర టేపు పనులకు ఎలా అడ్డమవుతుందని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. క్లాసంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్విన అమ్మాయిని లేపి, నువ్వు చెప్పమన్నారు మేడం. ఆ పిల్ల నేల చూసింది. పక్క పిల్లా అంతే. అప్పుడు మేడం చెప్పారు: పాతరోజుల్లో ఆఫీసు ఫైళ్లను ఎర్ర నాడాతో కట్టేవారట, ఆ కట్టల మధ్య జనం పనులు నెలల తరబడి నిలిచిపోయేవట. ఆవేళ క్లాసులో చాలామంది ఆ మాట రాసుకున్నారు.

పరీక్షలో నెగ్గాను, ఆ బడిలోనే నిలిచాను. ఇన్నేళ్లొచ్చినా నలుగురిలో “నాకు తెలీదు, చెప్పండి” అనాలంటే ఇంకా సిగ్గేస్తుంది. అయినా అడుగుతాను.