పద్దెనిమిదీ ముప్పావు తోడేలు

యజ్ఞనారాయణ గారికి లోకంలో ఏ ప్రాణీ పూర్తిగా కనిపించదు, శాతాల్లోనే కనిపిస్తుంది. కెనడాలో వాళ్లుండే రెజైనాకి కొత్తవాళ్లెవరొచ్చినా అమ్మది ఏ ఊరో, నాన్నది ఏ ఊరో అడిగి, "నువ్వు సగం తెనాలి, పావు నల్గొండ, ఇంకో పావు కర్నూలు తల్లీ" అని తేల్చనిదే కాఫీ ముట్టరు. పెళ్లిపీటల మీద సూర్యకుమారినీ ఇలాగే లెక్కకట్టారట. ఆ లెక్క తేలేలోపు పురోహితుడు రెండుసార్లు కునుకు తీశాడని చెప్పుకుంటారు.

మొన్న చలికాలంలో, పక్కవీధి వీర్రాజు గారి బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ చాందిని ఏడుస్తూ వచ్చింది.

"అంకుల్, బుజ్జిని పంపెయ్యమంటున్నారు. లేకపోతే నన్నూ ఖాళీ చెయ్యమన్నారు."

బుజ్జి ఆమె కుక్క. అమ్మినవాడిచ్చిన కాగితంలో 'డెబ్భై ఐదు శాతం తోడేలు' అని ఉంది. పైగా చాందిని షిఫ్టుకెళ్తే చాలు, మోర ఎత్తి ఊళ పెడుతుంది. అది పక్క రాష్ట్రం అల్బర్టా దాకా వినపడుతోందని వీర్రాజు గారి గోల.

యజ్ఞనారాయణ గారు పరుగెత్తారు. ఆయన కాళ్లకున్నవి తన బూట్లేనని గుర్తుపట్టి సూర్యకుమారి చెప్పులతోనే వెంటపడింది, మైనస్ ముప్పైలో.

"వీర్రాజు గారూ, కాగితం వెనక వంశం చూడండి, ఈ డెబ్భై ఐదు దీని అమ్మమ్మది! రేటు కోసం అమ్మినవాడు దీనికీ అదే రాసేశాడు. అమ్మమ్మకి మామూలు కుక్కతో పుట్టింది అమ్మ, ముప్పై ఏడున్నర. అమ్మకీ మామూలు కుక్కే మొగుడు. అంటే ఇది పద్దెనిమిదీ ముప్పావు."

"ఆ ముప్పావే కరిస్తేనో?"

"ఇది సగటు లెక్కేనండీ. ఒకే కాన్పులో ఒకదానికి ఎక్కువ రావచ్చు, ఒకదానికి తక్కువ. అందుకే ఒళ్లూ చూడాలి. తోక చుట్ట, కళ్లు నీలం. తోడేలుకి నీలం కళ్లెక్కడివి?"

అంతలో వంటింట్లో కుక్కర్ కూసింది. బుజ్జి బల్ల కింద దూరింది.

"సరే, తోడేలు కాదు. మరి ఊళో? ఇంకొక్కసారి వినపడితే ఇద్దరూ బయటికే!"

సోమవారం ఊళ లేదు. మంగళవారమూ లేదు. తన బెదిరింపుకి కుక్క కూడా దడిసిందని వీర్రాజు గారు ఊరంతా ఫోన్లు చేసుకున్నారు.

బుధవారం సూర్యకుమారి ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి తలుపు తీసింది. తన కొత్త సోఫాలో ల్యాప్‌టాప్‌తో మొగుడు, ఆయన ఒళ్లో తలపెట్టుకుని బుజ్జి.

"ఏవండీ! మూడ్రోజులుగా సోఫా నిండా వెంట్రుకలు. మీకు రాలడానికి ఇంకా జుట్టెక్కడిదా అనుకుంటున్నా!"

"అరవకే, ఇప్పుడే పడుకుంది. ఊళకీ శాతానికీ సంబంధం లేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే అంతే. ఆ పిల్ల షిఫ్టు అయ్యేదాకా పక్కన కూర్చుని మాట్లాడుతుంటే ఊరుకుంటోంది."

"మూడ్రోజులూ ఏం మాట్లాడారు?"

"దీని అమ్మమ్మ గురించి."

సూర్యకుమారి హ్యాండ్‌బ్యాగ్ కింద పెట్టి, బుజ్జికి అటుపక్కన కూర్చుంది.

"మళ్లీ మొదట్నుంచీ చెప్పండి. నేనూ వింటా."